పొమ్మన్నా పోని పంతులమ్మ

నేను బోధన్‌లో దిగింది చెరకు ఆడే రోజుల్లో. జానకంపేటలో బండి మారి కూర్చున్న కాసేపటికి తియ్యగా, పులిసినట్టుగా ఒక వాసన మొదలైంది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఎదుటి బల్ల మీది ముసలాయన నవ్వాడు.

"శక్కర్ ఫ్యాక్టరీ వాసన బిడ్డా. రెండు దినాలుంటే నీకు తెల్వకుంటనే పోతది."

ఆయన మాట నిజం కాలేదు. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆ వాసన నాకు తెలుస్తూనే ఉండేది. ముక్కుకు కొంగు పెట్టుకోవడం మాత్రం మానేశాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి మూడేళ్ళు. మాది కృష్ణా జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లె. నాకు చిన్నతనంలోనే పెళ్ళి చేశారు. కాపురానికి వెళ్ళిన కొన్నాళ్ళకే ఆయన నన్ను పుట్టింట దింపి, మళ్ళీ రాలేదు. ఇంకొకామెతో ఉంటున్నాడని తర్వాత తెలిసింది. మా అన్నయ్య మంచివాడు. నన్ను చదివించాడు, టీచరు ట్రైనింగుకు పంపాడు. కానీ ఊళ్ళో ఎవరింట పేరంటం జరిగినా, నాకు బొట్టు పెట్టాలో వద్దో తెలియక ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. భర్త బతికున్నాడు కాబట్టి పెట్టాలి. వదిలేశాడు కాబట్టి పెట్టడానికి చెయ్యి రాదు. కుంకుమ భరిణె నా దాకా వచ్చి ఆగిపోయేది.

బోధన్ ఆడపిల్లల బడికి తెలుగు పంతులమ్మ కావాలని, వెళ్ళడానికి ఎవరూ ఒప్పుకోవడం లేదని తెలిసినప్పుడు నేను వెళ్తానన్నాను.

"అంత దూరమా? అంతా ఉర్దూ అట కదే అక్కడ?" అన్నాడు అన్నయ్య.

"దూరం కాబట్టే," అన్నాను.

ఇల్లు దొరకడం కష్టమైంది. ఎక్కడికెళ్ళినా గది చూపించేవారు, నీళ్ళ సంగతి చెప్పేవారు, చివరికి "మీ ఆయన ఏం జేస్తడు?" అనేవారు. ఎక్కడున్నాడో తెలియదని ఉన్న మాట చెప్పేదాన్ని. అంతే, గది వాళ్ళ చుట్టాలకు కావలసి వచ్చేది. మిలిటరీలో ఉన్నాడని చెప్పమని బడిలో ఒకామె సలహా ఇచ్చింది. ఇంకొకామె, పోయాడని చెప్పేస్తే జాలిపడతారంది. నేను ఒప్పుకోలేదు. ఇన్ని రైళ్ళు మారి వచ్చి ఆ మనిషి కోసం అబద్ధాలాడడమేమిటని నాకు ఒళ్ళుమండింది.

చివరికి పాత బస్తీలో ఒక ముసలి ముస్లిం ఆవిడ తన ఇంటి ముందుగది చూపించింది. ఆమె భర్త గిన్నెలకు కళాయి వేసేవాడు, పోయి చాలాకాలమైంది. కొడుకు నిజామాబాద్‌లో అదే పని చేసుకుంటున్నాడు. గల్లీ అంతా ఆమెను ఖాలా అని పిలిచేది, పిన్ని అన్నట్టు. నేనూ అలాగే పిలిచాను.

"అకేలీనా?" అంది. ఒక్కదానివేనా అని.

"ఒక్కదాన్నే. భర్త వదిలేశాడు," అన్నాను, ఇక ఈ గది కూడా పోయినట్టే అనుకుంటూ.

"మంచిగైంది. మావోడు సచ్చేదాక వదల్లే," అని గది తాళంచెవి చేతిలో పెట్టింది.

ఇల్లు కుదిరిన వారానికే క్యాంపు పెద్దాయన భార్యతో సహా వచ్చాడు. ఎడపల్లి చుట్టుపక్కల కాలువ కింద మా జిల్లాల రైతులు భూములు కొని చెరకు వేసేవారు. ఊళ్ళలో కలవకుండా విడిగా ఇళ్ళు కట్టుకునేవారు. వాటినే క్యాంపులనేవారు. ఈయన ఆ క్యాంపుల్లో ఒకదానికి పెద్ద. మా ఊరి పక్క ఊరివాడే, మా కులమే. ఇద్దరూ వాకిట్లోనే నిలబడ్డారు, లోపలికి రాలేదు.

"అమ్మాయ్, మనవాళ్ళు ఇంతమందిమి ఉండగా ఇక్కడ ఉండటమేంటి? మా డాబా మీద గది ఉంది. మా పిల్లలకు నాలుగు ముక్కలు చెప్పు. మా ఇంట్లోనే తిను. నీ మంచీ చెడ్డా మేం చూసుకుంటాం," అన్నాడాయన.

ఆయన మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఆ మాటల్లో నా జీవితమంతా నాకు కనబడింది. డాబా మీద గది, కింద పెద్దావిడ కళ్ళు, పండగ వస్తే నా ముందు ఆగిపోయే కుంకుమ భరిణె. నేను దాటివచ్చిన ఊరే ముందుగా వచ్చి ఇక్కడ కాచుకుని కూర్చుంది.

"నేను రానండి," అన్నాను.

"తురకల ఇంట్లో ఉంటే మన పరువేం కాను?" అంది ఆవిడ.

"నా పరువు నా దగ్గరే ఉందండి. మీది మీ దగ్గర ఉంచుకోండి."

పెద్దాయన మొహం ఎర్రబడింది. ఇద్దరూ బండెక్కి వెళ్ళిపోయారు. తర్వాత చాలా ఏళ్ళు ఏ క్యాంపులో పెళ్ళి జరిగినా నాకు పిలుపు రాలేదు. తలుపు వెనక నుంచి అంతా విన్న ఖాలా, "ఏమన్నడు?" అని అడిగింది. చెప్పాను. "పొగరు మస్తుంది నీకు. ఉండాలె," అంది.

బడిలో మొదటిరోజే ఆరో తరగతి పిల్లలు నన్ను చూసి నవ్వారు. నేను "ఏవిటి" అంటే నవ్వు. "రండి, కూర్చోండి" అంటే నవ్వు. మా వైపు మాట సాగుతుంది, రాగం ఉంటుంది. వాళ్ళకది పాటలా వినిపించేది. వెనక బెంచీలో ఒక అమ్మాయి నేను వెనుదిరగ్గానే నన్ను అనుకరిస్తోంది. సన్నగా, నల్లగా, గట్టిగా బిగించిన రెండు జడలతో ఉంది. ఎడపల్లి నుంచి రోజూ రైలు మీద వచ్చేది.

నేను ఆమెను లేపి బల్ల దగ్గరికి రమ్మన్నాను. కొడతాననుకున్నారు అందరూ.

"నాకెదురుగా చెయ్యి. బాగా చెయ్యి," అన్నాను.

ఆ పిల్ల ఒక్క క్షణం నన్ను చూసింది. కొంగు భుజం మీదికి లాక్కున్నట్టు నటించి, "ఏవిటర్రా ఆ గోల? పుస్తకాలు తియ్యండీ!" అంది. అచ్చం నేనే. నాకే నవ్వు ఆగలేదు. నవ్వడం అయ్యాక, "నేనింతే మాట్లాడతాను. మార్చుకోను. మీరూ మార్చుకోనక్కర్లేదు. పుస్తకం తియ్యండి," అన్నాను.

ఆ చలికాలంలోనే ఒకరోజు ముందు బెంచీలో చిన్నపిల్ల ఒకతి లేచి, "టీచర్, మా అవ్వకు జరమొచ్చింది. నేను ఇంటికి పోత," అంది. మా వైపు అవ్వ అంటే ముసలిది, నాయనమ్మో అమ్మమ్మో. "చూసుకోడానికి మీ అమ్మ ఉందిగా, కూర్చో," అన్నాను. పిల్ల కూర్చోలేదు. నిలబడి అలాగే చూస్తోంది.

వెనక నుంచి రెండు జడల పిల్ల లేచింది. "టీచర్, అవ్వ అంటే అమ్మనే. గా పొల్లకు ఇంట్ల ఆమె తప్ప ఎవలు లేరు."

వెంటనే పిల్లను తీసుకుని నేనే వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఖాలా కొడుకు ఆ రోజు ఊళ్ళోనే ఉండటంతో రిక్షా తెప్పించి ఆస్పత్రికి చేర్చాం. ఆమె కోలుకుంది. ఆ మర్నాటి నుంచి రోజూ చివరి పీరియడ్‌లో కొంతసేపు పిల్లలు నాకు మాటలు నేర్పాలని పెట్టాను. వాళ్ళకు అంతకంటే ఇష్టమైన పాఠం లేదు. నేను తప్పు పలికితే బల్లలు చరిచేవారు.

హెడ్‌మాస్టరుగా ఉన్న ఆవిడకు ఇది నచ్చలేదు. హైదరాబాద్‌లో చదువుకున్న మనిషి. "మీరు తెలుగు నేర్పించడానికొచ్చారా, నేర్చుకోవడానికా?" అని అడిగింది.

"రెండూనండి. వాళ్ళ మాట తప్పని చెప్పడానికి మాత్రం రాలేదు. రాసేటప్పుడు పుస్తకంలా రాయమంటాను. మాట్లాడేది వాళ్ళిష్టం."

"ఇన్‌స్పెక్షన్‌లో మాట వస్తే?"

"వస్తే నాతో చెప్పమనండి."

ఇన్‌స్పెక్షన్ వచ్చింది, వెళ్ళింది. మాట కూడా వచ్చింది. పిల్లలకు పద్యాలు నోటికి రావడంతో అంతటితో ఆగింది.

ఏళ్ళు గడిచాయి. పండగలకు నేను మా ఊరు వెళ్ళడం తగ్గించాను. జొన్న రొట్టె, పచ్చిపులుసు నాకు అలవాటయ్యాయి. మా ఇంటి గోంగూర పచ్చడి ఖాలాకు అలవాటైంది. చెరకు ఆడే రోజుల్లో ఫ్యాక్టరీ గొట్టంలోంచి వచ్చే మసి ఆరేసిన బట్టల మీద పడేది. తెల్లచీరలు కట్టడం మానెయ్యమని ఖాలా పోరేది. నాకు తెల్లచీరలిష్టం. మసి దులుపుకుని అవే కట్టుకునేదాన్ని.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మొదలైంది. బళ్ళు మూతపడ్డాయి. రోడ్ల మీద ఊరేగింపులు. ఒక పొద్దున తలుపు తీసేసరికి ఖాలా ఇంటి గోడ మీద బొగ్గుతో పెద్ద పెద్ద అక్షరాలు.

ఖాలాకు తెలుగు చదవడం రాదు. "ఏం రాసిండ్రు?" అంది.

"నన్ను పొమ్మని రాశారు."

ఆమె గల్లీలోకి వెళ్ళి నిలబడి అరిచింది. "గోడ నాది! నా గోడ మీద రాసి నా ఇంట్ల మనిషిని పొమ్మనేటోడు ఎవడ్రా? దమ్ముంటే దినం పూట రా!"

నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. "ఆంధ్రోల్లు పోవాలె" అని ఉంది. పదేళ్ళుగా నేను దిద్దుతున్న తప్పే. పొయ్యి దగ్గర నుంచి బొగ్గు ముక్క తెచ్చి, "ల్లు" కొట్టేసి పైన "ళ్ళు" రాశాను. మిగతాదంతా అలాగే ఉంచాను. ఖాలా సున్నం వేయిస్తానంటే వద్దన్నాను. "ఉండనీ ఖాలా. వాళ్ళు చెప్పదలచుకున్నది చెప్పారు. నేను దిద్దదలచుకున్నది దిద్దాను." ఆ సాయంత్రం సైకిళ్ళ మీద వచ్చిన కుర్రాళ్ళు గోడ ముందు ఆగి, చదివి, వెళ్ళిపోయారు.

రెండురోజులకు క్యాంపు పెద్దాయన వచ్చాడు, పదేళ్ళ తర్వాత. ఈసారి లోపలికి వచ్చి ఖాలా మంచం మీద కూర్చున్నాడు. జుట్టు నెరిసింది.

"నేను నా పిల్లల్ని ఊరికి పంపించేస్తున్నా. నువ్వు కూడా బయల్దేరు. గొడవలు సద్దుమణిగాక చూద్దాం."

"మీరు వెళ్తున్నారా?" అన్నాను.

"నేనెలా వెళ్తాను? చెరకు నిలబడి ఉంది."

"నాకూ ఏడో తరగతి నిలబడే ఉందండి."

ఆయన తలపట్టుకున్నాడు. "నీతో గెలవలేం," అని లేచాడు. వెళ్తూ ఖాలాకు నమస్కారం పెట్టాడు.

ఆ తర్వాత వచ్చింది ఆ రెండు జడల పిల్ల. ఇప్పుడు పిల్ల కాదు. ఇరవై రెండేళ్ళు ఉంటాయి, ఒకటే జడ. చదువూ ట్రైనింగూ పూర్తిచేసింది, ఉద్యోగం రాలేదు. ఊరేగింపుల్లో ముందు నడుస్తోందని విన్నాను. మిట్టమధ్యాహ్నం ఒక్కతే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"గోడ మీద నేను రాయలే టీచర్. ఏమన్నా ఉంటే మొకం మీదనే చెప్పాలని వచ్చిన."

"కూర్చో. చెప్పు."

కూర్చోలేదు. "గా దిద్దింది మీరేనా?"

"నేనే."

ఆమె పెదవి కొద్దిగా వంగింది, మళ్ళీ బిగిసింది. "మీ నౌకరి నాది టీచర్. మా బాపు భూమి క్యాంపోళ్ళకు అమ్మిండు. వాళ్ళు గుంజుకోలే, కొన్నరు, గది నాకెరుకే. కాలువ నీళ్ళొచ్చేటట్టు మడి చదును జేసే తాకత్ మాకు లేకుండె. ఇప్పుడు గదే మడిల మా బాపు చెరకు నరుకుతుండు. నన్ను సదువుకో, నౌకరి జెయ్యమన్నడు. సదివిన. కుర్చీలల్ల చూస్తే మీరే కూసున్నరు. మేమేడ కూసోవాలె?"

ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

"నువ్వన్నది నిజమే," అన్నాను.

"నిజమైతే పొండ్రి."

"పోను."

"ఎందుకు పోరు?"

"పోవడానికి నాకు ఊరు లేదు. అక్కడ నేను మొగుడు వదిలేసిన దాన్ని. ఇక్కడ పంతులమ్మని. అది వదులుకుని మళ్ళీ అక్కడికి వెళ్ళలేను."

నా సంగతి ఆమెకు తెలియదు. పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు. అది విన్నాక కరుగుతుందనుకున్నాను. కరగలేదు.

"అది మీ తిప్పలు టీచర్. నా తిప్పలు నాకున్నయి."

"అవును. అందుకే నువ్వు కొట్లాడు. మీ వాళ్ళకు రావాల్సిన ఉద్యోగాలు మీకే రావాలి, ఎవరడిగినా నేను అదే చెప్తాను. కానీ నన్ను కదిలించాలని చూడకు. కదలను."

"కొట్లాడుత," అంది. ఖాలా చాయ్ తెచ్చింది. "చాయ్ వద్దు ఖాలా. నీళ్ళియ్యి," అని గ్లాసెడు నీళ్ళు గటగటా తాగి, ఎండలోకి వెళ్ళిపోయింది. ఖాలా ఆ చాయ్ తనే తాగుతూ, "గిది నీ షాగిర్దే. ఎవరిది వస్తది పొగరు?" అంది, నీ శిష్యురాలే అని.

బళ్ళు తెరిచేనాటికి మా ప్రాంతం పంతులమ్మలు ఇద్దరు బదిలీ చేయించుకుని వెళ్ళిపోయారు. నన్నూ అడిగారు, కావాలంటే కోస్తా వైపు వేయిస్తామని. అక్కర్లేదన్నాను. ఆ ఖాళీల మాట వచ్చినప్పుడు, ట్రైనింగైన స్థానికులు ఇళ్ళలో కూర్చుని ఉన్నారని, వాళ్ళనే వెయ్యమని మీటింగులో అందరి ముందూ చెప్పాను. నా మొహం చూసి కొందరు గుసగుసలాడారు. భయంతో అంటోందని కొందరు, మంచి పేరు కోసమని కొందరు. ఎవరేమనుకున్నా మాట మాటే. ఆ ఖాళీల్లో ఒకటి స్థానికురాలికి వచ్చింది, ఒకటి చాలాకాలం ఖాళీగానే ఉండిపోయింది.

ఆ రెండు జడల పిల్లకు ఉద్యోగం ఇంకో రెండేళ్ళకు వచ్చింది, నవీపేట్‌లో. అక్కడి నుంచి మా బడికే మారింది. మొదటిరోజు స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చి, "నమస్తే టీచర్," అని చెప్పి, నాకు అందనంత దూరంలో కుర్చీ వేసుకుంది. చాలా నెలలు మా మధ్య అంతకంటే మాట లేదు.

మాట కలిపింది ఒక గొడవ. ఆమె క్లాసు పక్కనే నా క్లాసు. ఒకరోజు ఒక పిల్ల "గిట్లనా టీచర్?" అంటే, "ఇలాగా అనాలి! ఎన్నిసార్లు చెప్పాలి?" అని ఆమె బెత్తంతో బల్ల మీద కొట్టడం గోడ ఇవతలికి వినబడింది. ఆగలేకపోయాను. విరామంలో నిలదీశాను.

"నీ మాటే కదా అది! మీ అమ్మ మాట. దాన్ని తప్పంటావేం?"

ఆమె చేతిలోని సుద్దముక్క బల్ల మీద పడేసింది. "గందుకే అంటున్న టీచర్. మీరు గిట్లనే మాట్లాడుండ్రి అని పిల్లలకు చెప్పొచ్చు, మీకేం పోయేది లేదు. నన్ను ఇంటర్వ్యూల నోరు తెరవంగనే నవ్విండ్రు. వీళ్ళను చూసి ఎవలు నవ్వద్దు."

"నవ్వినవాళ్ళది తప్పు. పిల్లలదెలా అవుతుంది?"

"తప్పెవలదైతేంది? నౌకరి రానిది వీళ్ళకు."

"అయితే వాళ్ళు ఇంట్లో ఒకలా, నీ దగ్గర ఒకలా, భయపడుతూ బతకాలా?"

"మీరు బతకలేదా?"

"లేదు! నేనెక్కడున్నా ఒకేలా మాట్లాడాను!"

"గది మీకు చెల్లింది టీచర్, మీరు కుర్చీల ఉండి మాట్లాడిండ్రు!"

స్టాఫ్‌రూమ్‌లో అందరూ టిఫిన్ డబ్బాల మూతలు పట్టుకుని మమ్మల్నే చూస్తున్నారు. గంట కొట్టారు. ఇద్దరం వినిపించుకోలేదు. హెడ్‌మాస్టరు వచ్చి క్లాసులు గుర్తుచేస్తే, ఇద్దరం ఒకే గుమ్మంలోంచి విసవిసా బయటికి నడిచాం.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే నాకు కోపంతో పాటు విచిత్రమైన సంతోషం కలిగింది. అన్నేళ్ళలో ఆ ఊళ్ళో నన్ను గౌరవించినవాళ్ళున్నారు, దూరంగా పెట్టినవాళ్ళున్నారు, పొమ్మన్నవాళ్ళున్నారు. పక్కింటి మనిషితో కొట్లాడినట్టు నోరారా కొట్లాడినది ఈమె ఒక్కతే. అతిథితో ఎవరూ అలా కొట్లాడరు.

ఆమె అన్నదానిలో సగం నిజమని నాకు తెలుసు. నేనన్నదానిలో సగం నిజమని ఆమెకూ తెలుసు. ఇద్దరం ఒప్పుకోలేదు. ఆమె పిల్లలు "ఇలా" అనేవారు, నా పిల్లలు "గిట్ల" అనేవారు. పైతరగతులకు వెళ్ళాక అందరూ కలిసిపోయి ఎవరికి తోచినట్టు వాళ్ళు మాట్లాడేవారు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె తన కుర్చీని ఈడ్చుకుంటూ వచ్చి నా పక్కన వేసింది. డబ్బా మూత తీసి మక్క గారెలు, మొక్కజొన్నవి, నా ముందుకు తోసింది.

"మా అవ్వ జేసింది. మంచిగున్నయి, తినుండ్రి," అంది. "లొల్లి మల్ల పెట్టుకుందాం."

గారె కరకరలాడుతోంది. "కారం తక్కువైంది," అన్నాను.

"మీకెప్పుడు సక్కగైంది గనక," అంటూ తనూ ఒకటి తీసుకుంది.